వేరునకు తోడు బూజు: పండ్ల చెట్లకు శిలీంధ్రముల సాయము

వానకాలము వెళ్ళి దసరా సమీపించు దినములలో నారాయణఖేడ్ ప్రాంతమున తిరుగువారికి ఒక దృశ్యము తప్పక కంటబడును. మొరం దిబ్బలపైనను, పొలముల గట్లపైనను, రాళ్ళ సందులలోను సీతాఫలపు చెట్లు కాయలతో నిలిచియుండును. వాటిని నాటినవారు లేరు. ఎరువు వేసినవారు లేరు. కుండెడు నీరు పోసినవారును లేరు. ఆ గట్టున కావలనే ఒక రైతు గోతులు త్రవ్వించి, పశువుల ఎరువు నింపి, వెలయిచ్చి తెచ్చిన మామిడి అంట్లను నాటియుండును. మూడేండ్లు గడచినను వాటిలో కొన్ని మోకాలెత్తు దాటవు. ఆకులు చిన్నవై, చిగురు సన్నగిల్లి, నాటిననాటి మొక్కలవలెనే ఉండిపోవును.

దిక్కులేని సీతాఫలము కాయుట యెట్లు? సాకిన మామిడి సాగకుండుట యేల? నీటి ఎద్దడి, చీడపీడలు, నాటిన లోతు, అంటు నాణ్యము మొదలైన కారణములు పెక్కు ఉండవచ్చును. కాని రైతు కంటికి కానరాని కారణమొకటి వేళ్ళలో దాగియుండును. గట్టుమీది చెట్టు వేళ్ళలో ఒక సన్నని బూజు కాపురముండి, నేలనుండి ఆహారమును తెచ్చి అందించును. నర్సరీ సంచిలో పెరిగిన మొక్కకు ఆ తోడు దొరకకపోవచ్చును. దొరికినను మధ్యలో తెగిపోవచ్చును. ఈ తోడును గుర్తించుట పండ్లతోట వేయువారికి ఎంతయో అవసరము.

నేలలో నున్నది, చెట్టుకు అందదు

నారాయణఖేడ్ 2016వ సంవత్సరము వరకు మెదక్ జిల్లాలో నుండి, ఆ యేట ఏర్పడిన సంగారెడ్డి జిల్లాలో చేరినది. ఈ ప్రాంతము దక్కను పీఠభూమి యొక్క నల్లరాతి పొరలపై నున్నది. ఆ రాయి శిథిలమై కొన్నిచోట్ల నల్లరేగడిగాను, కొన్నిచోట్ల లాటరైటు అను ఇనుపపాలు హెచ్చుగాగల ఎర్రనేలగాను మారినది. ఈ రెండింటికిని ఒక సామాన్య గుణము కలదు. అవి భాస్వరమును పట్టుకొని విడువవు.

మొక్క పెరుగుటకు నత్రజని, భాస్వరము, పొటాషు అను మూడును ముఖ్యమని రైతులెరుగుదురు. వేళ్ళు సాగుటకు, చిగురు వేయుటకు, పూత పూయుటకు భాస్వరము కావలెను. నల్లరేగడిలో అది సున్నముతో కలసి గట్టిపడును; ఎర్రనేలలో ఇనుము, అల్యూమినియములతో బంధింపబడును. అందుచే నేలలో మొత్తముమీద భాస్వరమెంత యున్నను నీటిలో కరగి యుండునది అత్యల్పము. పైగా నత్రజనివలె అది నీటితో ప్రవహించి వేరువద్దకు రాదు. వేరు తన చుట్టును ఒకటి రెండు మిల్లీమీటర్ల మేర మట్టిలోని భాస్వరమును త్వరలోనే పీల్చివేయును. ఆ తరువాత వేరు చుట్టును ఒక ఖాళీ వలయ మేర్పడును. దానికావల ఆహారమున్నను వేరు అందుకొనజాలదు.

గుంజకు కట్టిన ఆవు పలుపు అందినంతవరకు గడ్డిని మేసి, ఆవలి పచ్చికను చూచుచు నిలబడును. వేరు స్థితియు నిట్టిదే. మేత కావలెనన్న గుంజను మార్చవలెను, లేదా పలుపును పొడిగింపవలెను. క్రొత్త వేళ్ళు వేయుట గుంజను మార్చుట వంటిది. దానికి ఖర్చు హెచ్చు. శిలీంధ్రము పలుపును పొడిగించును.

కొన్ని మొక్కలు సన్నని మూలకేశములను దట్టముగా వేసి కొంతవరకు ఈ యిబ్బందిని దాటును. గడ్డిజాతులు ఇట్టివి. నిమ్మ, బత్తాయి మొదలైన చెట్లకు మూలకేశములు చాల తక్కువ. సీతాఫలము చేరిన మాగ్నోలియా వర్గపు చెట్లకు చివరి వేళ్ళు సైతము లావుగా నుండి, కేశములు అల్పముగా నుండును. ఇట్టి మొద్దువేళ్ళ చెట్లే శిలీంధ్రముపై ఎక్కువ ఆధారపడునని న్యూజిలాండు శాస్త్రజ్ఞుడు బేలిస్ 1975లో సూచించెను.

పేరు పెట్టినవాడు

ఈ సహజీవనమునకు పేరు పెట్టినవాడు ఆల్బర్ట్ బెర్న్‌హార్డ్ ఫ్రాంక్ అను జర్మను వృక్షశాస్త్రజ్ఞుడు. అడవినేలలో దొరకు ట్రఫుల్ అను ఖరీదైన శిలీంధ్రమును సాగుచేయు మార్గము కనుగొనుమని ప్రష్యా ప్రభుత్వము అతనిని కోరినది. ఆ పని ఫలింపలేదు. కాని అడవిచెట్ల వేళ్ళను పరిశీలించుచుండగా వాటిని బూజు ఒరవలె కప్పియుండుట అతడు చూచెను. ఆ చెట్లు రోగముతో నుండుటకు మారు ఏపుగా పెరుగుచుండెను. ఇది పరస్పర సహాయమని గ్రహించి, 1885లో దానికి మైకోరైజా అని పేరిడెను. గ్రీకు భాషలో మైకేస్ అనగా శిలీంధ్రము, రైజా అనగా వేరు.

ఫ్రాంక్ చూచినది వేరును పైనుండి కప్పు జాతి. సరుగు పైన్, ఓక్ వంటి అడవిచెట్ల వద్ద కనబడు పుట్టగొడుగులు కొన్ని దీని ఫలములే. మామిడి, జామ, నిమ్మ, సీతాఫలము, బొప్పాయి, అరటి మొదలైన పండ్ల చెట్లలోనిది వేరొక జాతి. ఇది వేరు లోపలనే కాపురముండును. పుట్టగొడుగు వేయదు, రంగు చూపదు. చెట్టును పెకలించి చూచినను వేరు వట్టి వేరువలెనే యుండును. ఇంతటి సహాయకుని ఉనికి రైతులకు తెలియకుండుటకు ఇదియే కారణము.

వేరులోని చిన్న చెట్టు

ఈ శిలీంధ్రము విత్తనమువంటి సిద్ధబీజముల రూపమున నేలలో నిద్రించుచుండును. వాటి వ్యాసము మిల్లీమీటరులో ఇరువదవ వంతు మొదలు సగమువరకు ఉండును. తేమ తగిలినప్పుడు అది మొలిచి, సన్నని పోగును బయటికి పంపును. భాస్వరము చాలక ఆకలిగొన్న వేరు స్ట్రిగోలాక్టోన్ అను పదార్థమును మట్టిలోనికి వదలును. అది సోకగనే శిలీంధ్రపు పోగు శాఖోపశాఖలై వేరువైపు సాగును. ఈ పిలుపు సంగతిని జపాను శాస్త్రజ్ఞులు 2005లో బయటపెట్టిరి.

పోగు వేరు చర్మమును దాటి, లోపలి కణముల మధ్యగా ప్రాకి, కొన్ని కణములలో ప్రవేశించును. అచట చిన్న చెట్టువలె కొమ్మలు, రెమ్మలు వేయును. కణము గోడను దాటినను కణమును కప్పియుండు పలుచని పొరను చీల్చదు; ఆ పొర చేతిచుట్టు తొడుగువలె రెమ్మల చుట్టును సర్దుకొనును. ఇచ్చిపుచ్చుకొనుట యంతయు అచ్చటనే జరుగును. శిలీంధ్రము భాస్వరమును, జింకును, రాగిని అందించును. చెట్టు ఆకులలో వండిన చక్కెరను, క్రొవ్వు పదార్థములను ఇచ్చును. ఈ చిన్న చెట్టు కొన్ని దినములే బ్రదికి కరగిపోవును. మరియొక కణమున క్రొత్తది పుట్టును.

వేరు వెలుపల పోగులు ఖాళీ వలయమును దాటి కొన్ని సెంటీమీటర్ల దూరము వ్యాపించును. పోగు మందము సామాన్యముగా మిల్లీమీటరులో నూరవ వంతునకు మించదు. కావున వేరు దూరజాలని మట్టి రంధ్రములలో అది దూరును. ఒక గ్రాము మట్టిలో ఇట్టి పోగులు కొన్ని మీటర్ల పొడవు ఉండవచ్చును. ఇవి మట్టి రేణువులను కలిపి పట్టుటచే నేల గుల్లబారి తేమను నిలుపుకొనును.

ఈ సేవ ఉచితము కాదు. చెట్టు తాను తయారుచేసిన ఆహారములో నూటికి 4 మొదలు 20 పాళ్ళవరకు ఈ పాలికాపునకు చెల్లించును. శిలీంధ్రము వేరు తోడులేక ప్రకృతిలో తన జీవితచక్రమును పూర్తిచేసికొనజాలదు. కావున ఈ బేరము ఇరువురకును ప్రాణావసరమైనది.

ఈ స్నేహము నిన్నటిది కాదు. స్కాట్లండులోని రైనీ గ్రామమువద్ద శిలలుగా మారిన, సుమారు 40 కోట్ల సంవత్సరముల నాటి మొక్కలలో ఇట్టి చిన్న చెట్లే కనబడినవి. నేలపై మొక్కలు తొలిసారి కాలూనిన దినములకే ఈ తోడు కలదన్నమాట. ఇంకొక విశేషము: ఈ శిలీంధ్రములకు పట్టింపు తక్కువ. ఒకే జాతి జొన్న వేరులోను, కంది వేరులోను, మామిడి వేరులోను కాపురముండగలదు. సీతాఫలము పుట్టినిల్లు అమెరికా ఖండపు ఉష్ణప్రాంతము. అది సముద్రము దాటివచ్చి దక్కను గుట్టలపై అడవిచెట్టువలె స్థిరపడుటలో ఇక్కడి నేలలోని శిలీంధ్రముల ఆతిథ్యమునకును పాలు ఉండవచ్చును.

పండ్ల మొక్కలు చెప్పిన సాక్ష్యము

ఇంగ్లండులోని ఈస్ట్ మాలింగ్ పరిశోధన కేంద్రమున బార్బరా మోస్ అను విదుషి స్ట్రాబెర్రీ వేళ్ళలోని శిలీంధ్రమునకు, మట్టిలోని సిద్ధబీజములకు గల సంబంధమును 1953లో చూపెను. పిమ్మట సిద్ధబీజములనుండి మొదలుపెట్టి ఆపిల్ మొక్కలకు శిలీంధ్రమును అంటించి, అంటించిన మొక్కలు అంటించని వాటికంటె బాగుగా పెరుగుటను 1957లో ప్రకటించెను. ఆమె గౌరవార్థము 1968లో ఒక శిలీంధ్రజాతికి ఆమె పేరే పెట్టిరి. నేడు పండ్ల మొక్కల ప్రయోగములలో ఎక్కువగా వాడబడు జాతులలో అది ఒకటి.

నిమ్మజాతి నారుమడుల కథ ఇంకను బోధకరము. అమెరికాలోని కాలిఫోర్నియా, ఫ్లారిడా రాష్ట్రములలో నారుమడి మట్టిలోని పురుగులను, తెగుళ్ళను చంపుటకు మీథైల్ బ్రోమైడ్ అను విషవాయువును పట్టించెడివారు. మట్టి శుభ్రమయ్యెను, కాని మొక్కలు గిడసబారి, ఆకులు పాలిపోయెను. విషవాయువు శేషము వలన ఇట్లగుచున్నదని కొందరు తలచిరి. క్లైన్‌ష్మిట్, గర్డెమన్ అను శాస్త్రజ్ఞులు 1972లో అసలు సంగతి బయటపెట్టిరి. వాయువు శత్రువులతోపాటు మిత్రుని గూడ చంపినది. అదే మట్టిలో శిలీంధ్రమును తిరిగి కలిపినప్పుడు మొక్కలు కోలుకొని పెరిగెను.

మన దేశమున బెంగుళూరులోని వ్యవసాయ విశ్వవిద్యాలయమునందును, హెసరఘట్టలోని భారతీయ ఉద్యాన పరిశోధన సంస్థయందును బొప్పాయి, మామిడి మొదలైన వానిపై ఇట్టి పరిశోధనలు జరిగినవి. మందుగా చల్లవలసిన పదార్థముగా గాక, నారుదశలోనే జతపరచవలసిన తోడుగా శిలీంధ్రమును చూడవలెనని ఈ పరిశోధనలన్నియు తెలుపుచున్నవి.

సంచిలోని మొక్క

సంగారెడ్డిలోని ఫల పరిశోధన స్థానము మామిడికి ప్రసిద్ధము. రుమాని, నీలం రకములను సంకరపరచి అచ్చట పుట్టించిన మామిడికి ఈ ప్రాంతపు నది పేరనే మంజీర అని పేరు. రైతు అంటు కొనునప్పుడు పై కొమ్మ మంజీరయా, బంగినపల్లియా అని విచారించును. క్రింద నేలలో పనిచేయునది మాత్రము టెంకనుండి మొలిచిన వేరు. ఆ వేరునకు తోడు కుదిరినదో లేదో ఎవరును అడుగరు.

సంచిలో నింపిన మట్టి లోతు త్రవ్విన గుంటనుండి వచ్చినదైనచో అందు సిద్ధబీజములు అల్పముగా నుండును. అవి పైపొర మట్టిలోనే హెచ్చు. కొబ్బరిపొట్టు వంటి పదార్థములతో మాత్రమే నింపినచో తోడు దొరకు మార్గమే లేదు. ప్రయోగశాలలో కణజాలమునుండి పెంచిన అరటి పిలకల సంగతి మరియు స్పష్టము. అవి సీసాలలో సూక్ష్మజీవులు సోకకుండ పెరుగును. కావున సీసానుండి తీసి మట్టికి అలవాటుచేయు వారములలోనే వాటికి శిలీంధ్రమును అందించుట మేలు.

తోట నేలలో జీవమున్నచో సంచిలోని లోటు కాలక్రమమున తీరును. కాని కోతపడి పైమట్టి కొట్టుకొనిపోయిన దిబ్బలలోను, చాలకాలము పైరులేక బీడువడిన చోట్లను ఆ కాలము దీర్ఘమగును. నారాయణఖేడ్‌వంటి మెట్టప్రాంతమున నాటిన మొక్కకు తొలి వేసవియే గండము. వానలుండగా వేళ్ళు సాగనిచో ఏప్రిల్, మే నెలలలో దానిని కాపాడుట కష్టము. ఒక మొక్క చచ్చిన పోవునది దాని వెల మాత్రమే కాదు, చెట్టు కాపునకు వచ్చు కాలములో ఒక సంవత్సరమును పోవును.

తోటలో తోడు చెడకుండ

శిలీంధ్రమును క్రొత్తగా కొనుటకంటె ఉన్నదానిని కాపాడుకొనుట చవుక. దానికి కొన్ని జాగ్రత్తలు చాలును.

మొదటిది, భాస్వరపు ఎరువులను భూసార పరీక్ష చేయించి, అవసరమైనంతే వేయవలెను. సూపరు ఫాస్ఫేటు, డి.ఎ.పి. మితిమీరి వేసినచో వేరునకు ఆకలి తీరి, పిలుపును మానుకొనును. క్రమముగా శిలీంధ్రము క్షీణించును. మరుసటి యేడు ఎరువు తగ్గించినచో అందించు తోడు ఉండదు.

రెండవది, చెట్ల నడుమ పలుమార్లు లోతుగా దున్నరాదు. నాగలి పోగుల వలను తెంచివేయును. పై పైన గుంటక తోలి, మొదళ్ళవద్ద ఎండుటాకులు కప్పుట మంచిది.

మూడవది, కార్బెండజిమ్ వంటి శిలీంధ్రనాశక మందులను అవసరము నిర్ధారణ కాకుండ మొదళ్ళలో పోయరాదు. మందు చెడు బూజు, మంచి బూజు అని ఏరి చంపదు.

నాల్గవది, తోట చిన్నదిగా నున్న సంవత్సరములలో నడుమ ఖాళీగా వదలక అంతరపంట వేయవలెను. జొన్న, కంది, పెసర, వేరుసెనగ మొదలైనవి ఈ శిలీంధ్రమును పోషించును. ఆవాలు, క్యాబేజీ, కాలీఫ్లవరు కుటుంబమును, తోటకూర, పాలకూర కుటుంబమును సామాన్యముగా దీనికి ఆశ్రయమియ్యవు. వానినే ఏటేటను వేసినచో నేలలో దాని సంఖ్య తగ్గును.

కంది విషయమున సంగారెడ్డి జిల్లాలోనే ఒక గొప్ప సంగతి బయటపడినది. 1972లో పటాన్‌చెరువున స్థాపింపబడిన ఇక్రిశాట్ సంస్థలో పరిశోధించిన శాస్త్రజ్ఞులు, కంది వేళ్ళు పిసిడిక్ ఆమ్లము అను పదార్థమును స్రవించి, ఎర్రనేలలో ఇనుముతో బంధింపబడిన భాస్వరమును విడిపించునని 1990లో ప్రకటించిరి. కంది విడిపించిన దానిలో కొంత తరువాతి పైరుకు గూడ అందగలదు. కంది వేళ్ళలో నత్రజనిని కూర్చు బుడిపెలు, భాస్వరమును తెచ్చు శిలీంధ్రము రెండును కాపురముండును. ఈ ప్రాంతపు రైతు తరతరములుగా వేయు పంటయే చిన్న మామిడితోటకు మంచి పొరుగు.

ఇంటివద్ద తయారుచేయు విధము

శిలీంధ్రపు ఎరువును రైతే తయారుచేసికొనవచ్చును. చదునైన చోట ఇటుకలు పేర్చి చిన్న తొట్టి కట్టి, జల్లించిన మట్టిని, ఇసుకను కలిపి నింపవలెను. వేసవిలో దానిని తడిపి, పారదర్శకమైన పాలిథీను పరచి నాలుగైదు వారములు ఎండకు కాగనిచ్చినచో తెగుళ్ళు, నులిపురుగులు చాలవరకు నశించును. తరువాత వ్యవసాయ విశ్వవిద్యాలయము లేక పరిశోధన స్థానమునుండి తెచ్చిన మూలపు శిలీంధ్రమును రెండు మూడు అంగుళముల లోతున పలుచగా చల్లి, పైన జొన్న విత్తవలెను. మూడు నెలలు పెరిగిన పిమ్మట నీరు మాన్పి, పైరును నేలమట్టమునకు కోయవలెను. వేళ్ళను ముక్కలుచేసి ఆ మట్టితోనే కలిపి నీడన ఆరబెట్టవలెను. సంచి నింపునప్పుడు గాని, గోతిలో మొక్క నాటునప్పుడు గాని వేళ్ళకు తగులునట్లు ఈ మట్టిని గుప్పెడు వేసిన చాలును. ముదురు చెట్టు క్రింది మట్టిని నేరుగా తెచ్చి వాడు అలవాటు కొందరికి కలదు. దానితో తోడు వచ్చునుగాని, నులిపురుగులు, వేరుకుళ్ళు తెగుళ్ళును వెంట రావచ్చును.

అంగడిలో పొట్లములుగా అమ్ము మైకోరైజా ఎరువునకు 1985 నాటి ఎరువుల నియంత్రణ ఉత్తర్వులో, తరువాత చేర్చిన సవరణలద్వారా, నాణ్యతా ప్రమాణములు ఏర్పడినవి. ఐనను పలు దేశములలో జరిగిన పరీక్షలలో ఇట్టి సరకులు కొన్నింటిలో జీవముగల శిలీంధ్రము లేకుండుట బయటపడినది. కావున తయారైన తేదీని, గడువును చూచి కొని, ఎండకు పెట్టక వాడవలెను.

ఒక హెచ్చరికయు అవసరము. శిలీంధ్రము భాస్వరమును సృష్టింపదు. నేలలో నున్నదానిని తెచ్చిపెట్టును. నీరు లేనిచోట నీరు పుట్టింపదు. ఉన్న తేమను అందుకొనుటలో సాయపడును. భాస్వరము పుష్కలముగానున్న నేలలో దానివలన లాభము కనబడకపోవచ్చును. పశువుల ఎరువునకును, తొలి వేసవి నీటికిని అది ప్రత్యామ్నాయము కానేరదు.

కంటితో చూడదలచినవారికి

పాఠశాలలలోని విద్యార్థులు ఈ సహజీవనమును స్వయముగా చూడవచ్చును. జొన్న లేక సీతాఫలపు సన్నని వేళ్ళను కడిగి, పొటాసియం హైడ్రాక్సైడు ద్రావణములో వేడిచేసినచో అవి తెల్లబడును. ఈ ద్రావణము చర్మమును కాల్చును గనుక ఈ భాగమును ఉపాధ్యాయులే చేయవలెను. పిమ్మట వేళ్ళను బాగుగా కడిగి, వెనిగరులో కలిపిన వ్రాతసిరాతో కొద్ది నిమిషములు మరిగింపవలెను. సిరాతో రంగువేయు ఈ సులభ పద్ధతి 1998లో వెలువడినది. అన్ని సిరాలును పనిచేయవు గనుక రెండు మూడు రకములు ప్రయత్నింపవలెను. వెనిగరు చుక్కలు కలిపిన నీటిలో ముంచి అధిక వర్ణమును పోగొట్టి, సూక్ష్మదర్శిని క్రింద ఉంచినచో, తెల్లని వేరులో నీలిపోగులు ప్రాకుచు, కణములలో చిన్న చిన్న చెట్లుగా విరిసియుండుట కనబడును.

గట్టుమీది సీతాఫలపు వేరును, నర్సరీ సంచిలోని మామిడి వేరును ప్రక్కప్రక్కన పెట్టి ఇట్లు చూచినచో, ఏ మొక్కకు తోడున్నదో, దేనికి లేదో అక్కడికక్కడే తెలియును. మొక్క నాటుటకు ముందే ఆ సంగతి తెలిసికొన్న రైతునకు తొలి వేసవి గండము కొంత తేలికపడును.